మోతికి గడ్డ

మన పత్రికలో కుక్కను గురించి వ్రాస్తే సంపాదకులు వేస్తారో వేయరో అని నాలుగు రోజులు సందేహించాము. పెండ్లిండ్లు, గృహప్రవేశాలు, ఉగాది సభలు, మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల ఫోటోలు, యివి గదా మన పుటలకు శోభ! అయినా బామ్నిలో కుక్క లేని వాకిళ్ళు యెన్ని వున్నవి? మన వాళ్ళలో చాలా మంది యిండ్లలో యేదో ఒక తోక ఆడుతూనే వున్నది గదా అని ధైర్యం చేసి వ్రాస్తున్నాము.

మేము బల్లార్షా పక్కన బామ్నిలో వుంటాము. మా తాతగారు కరీంనగరం జిల్లా నుంచి బొగ్గుగనుల పనికి వచ్చినారు. మా నాయన కాగితపు మిల్లుకు వెదురు తోలే ఒక గుత్తేదారు దగ్గర లెక్కలు వ్రాసినారు. మేము ఒక రవాణా ఆఫీసులో గుమాస్తాగా వున్నాము. మెట్రిక్ దాటి చదవలేదు. యింట్లో తెలుగు, వీధిలో మరాఠీ, ఆఫీసు కాగితాలలో యీ రెండూ కాని యింకొక భాష. శాస్త్ర విషయం వ్రాయడానికి మీకేమి అర్హత అని యెవరైనా అడిగితే, మాకొక కుక్క వున్నది, అంతే జవాబు.

2015 వానాకాలంలో రాజురా పోయే రోడ్డు మీద ఆగిన లారీ కింద, టైరుకు వీపు ఆనించి పండుకున్న గోధుమవన్నె కుక్కపిల్లను మా అమ్మాయి యెత్తుకొని వచ్చింది. అప్పటికి అమ్మాయికి యేడేండ్లు. తానే "మోతి" అని పేరు పెట్టింది. అది ఆడపిల్ల అని నాలుగు రోజుల తరువాత గాని మాకు తెలియలేదు. పొరుగున వున్న మరాఠీ వారు నవ్వినారు. పేరు మాత్రం నిలిచిపోయింది. మా ఆవిడకు మొదట యిష్టం లేదు. "మనకే సరిపోతలేదు, గీ కుక్క ఒకటా?" అన్నది. నెల తిరగక ముందే మిగిలిన అన్నంలో మజ్జిగ కలిపి వాకిట్లో పెట్టడం ఆమె పనే అయింది.

2018లో మోతి అయిదు పిల్లలను పెట్టింది. ఆరు వారాలకు సూది వేయించాలని పశువుల దవాఖానలో చెప్పినారు. నెలాఖరు గదా, జీతం రానీ అనుకున్నాము. జీతం కన్నా ముందు జబ్బు వచ్చింది. మొదట వాంతులు, ఆ వెనుక నెత్తుటి విరేచనాలు. ఆ వాసన ఒకసారి తెలిసిన వారు మరచిపోలేరు. వారంలో నాలుగు పిల్లలు పోయినవి. అయిదవ దానిని అంతకు ముందే ఒక స్నేహితుడు తీసుకొని పోయినాడు గనుక బతికింది. మోతి మాత్రం యేమీ కాకుండా తిరిగింది. మూడు రోజులు వాకిలంతా వాసన చూస్తూ వెదికింది.

ఆ జబ్బు పేరు పార్వో. యిది పురాతనమైన రోగం కాదు. 1978 ప్రాంతంలో బయటపడి రెండేండ్లలో ప్రపంచమంతా చుట్టి వచ్చింది. పిల్లి జాతికి వచ్చే ఒక వైరస్సు లాంటిది కొద్దిగా మారి కుక్కలను పట్టుకొన్నదని శాస్త్రజ్ఞులు తేల్చినారు. వేగంగా పెరిగే కణాలు దానికి కావాలి. కుక్కపిల్ల ప్రేగుల లోపలి పొర, యెముకల లోపలి మూలుగ, యీ రెండు చోట్లా కణాలు రాత్రింబగళ్ళు పుడుతూ వుంటాయి. అందుచేత ఆ వైరస్సు అక్కడే చేరుతుంది. మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. మేము వాకిలి నిండా ఫినాయిలు చల్లినాము. అది దానికి చాలదనీ, బ్లీచింగు పొడి నీళ్ళయితే చస్తుందనీ తరువాత తెలిసింది. పాఠకులలో కుక్కలున్న వారు యీ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే మాకు సంతోషం.

యీ పార్వోను యిక్కడ యింత సేపు యెందుకు పట్టుకొన్నామో ముందు తెలుస్తుంది.

2023 శ్రావణంలో ఒక ఆదివారం మా అమ్మాయి మోతికి పిడుదులు తీస్తూ వెనుక కాళ్ళ దగ్గర చివరి చన్ను కింద పెసరగింజంత గడ్డ వున్నదన్నది. మేము పేపరు మీద నుంచి కళ్ళు తీయకుండా "పిడుదు కుట్టి వుంటుంది" అన్నాము. మా ఆవిడ పసుపు రాసింది. పక్కింటి కాకూ ఉప్పు మూటతో కాపడం పెట్టమన్నది. వినాయక చవితికి అది శనగగింజ అయింది. దసరాకు రేగుపండు. దీపావళి నాటికి నిమ్మకాయ. యిన్నాళ్ళలో మేము చేసిన పని యేమిటయ్యా అంటే, ఒకసారి మందుల దుకాణంలో అడిగి యేవో మాత్రలు తెచ్చి రొట్టెలో పెట్టి మింగించడం. ఆఫీసులో త్రైమాసికపు లెక్కలు. సెలవు దొరకదు. కుక్క కోసం సెలవు అడగటానికి నోరు రాదు.

దీపావళి మర్నాడు మా అమ్మాయి మా యెదుట నిలబడి, "బాపూ, నానమ్మప్పుడు గూడ గిట్లనే జేసినమా?" అన్నది.

యీ మాటకు వివరం వ్రాయక తప్పదు. మా అమ్మ 2014లో పోయింది. రొమ్ములో గడ్డ. ఆమె యెవరికీ చెప్పలేదు. ఒకనాడు మా ఆవిడ బట్టలు వుతుకుతూ రవికె మీద మరక చూసి అడిగితే బయటపడింది. యెన్నాళ్ళ నుంచి అంటే, "పోయిన బతుకమ్మకు ముందటి నుంచి" అన్నది. యేడాది దాటింది అన్న మాట. మేము కోప్పడితే, "గిసొంటియి కొడుకులకు జెప్తరా బిడ్డా?" అని కొంగు సర్దుకొన్నది. అంతకు ముందు రెండు మూడు సార్లు చెయ్యి గుంజుతున్నదని ఆమె అన్న మాట మాకు జ్ఞాపకమే. నీళ్ళ బిందెలు మోయకు అని చెప్పి వూరుకున్నాము. నాగపూరు తీసుకొని పోయే సరికి అది వూపిరితిత్తులలోకి పోయింది. యెనిమిది నెలలు మంచం మీద వున్నది. అప్పుడు మా అమ్మాయికి ఆరేండ్లు. తల్లి చెప్పగా వినివుంటుంది.

మరునాడే మా బావమరిది కారులో మోతిని నాగపూరు తీసుకొని పోయినాము. అక్కడ 1958 నుంచి పశువైద్య కళాశాల వున్నది. వెనుక సీటులో పాత దుప్పటి పరచి మా అమ్మాయి ఒళ్ళో దాని తల పెట్టుకొని కూర్చున్నది. వరోరా దాటే దాకా యెవరమూ మాట్లాడలేదు.

దవాఖానలో గొర్రెలు, ఆవులు, ఒక గుర్రం, ఒక చిలుక. వరసలో నిలబడి మేము "మోతీ, కూసో" అన్నాము. తెల్లకోటు వేసుకున్న ఒక కుర్రవాడు తల తిప్పి, "మీది యే వూరు కాకా?" అన్నాడు. అది మరాఠీ కాకానో మన కరీంనగరపు కాకనో గాని, ప్రాణం లేచి వచ్చింది. జగిత్యాల వైపు పిల్లవాడు. పశువైద్యంలో పై చదువు చదువుతున్నాడు. తరువాత మూడు గంటలు ఆ కుర్రవాడు మా వెంట వున్నాడు.

అక్కడి పెద్ద డాక్టరు గడ్డను వేళ్ళతో పట్టి చూసి, ఛాతీకి ఎక్సురే తీయించినాడు. కుక్కలకు సాధారణంగా అయిదు జతల చన్నులు వుంటాయట; వెనుక జతలోనే గడ్డలు యెక్కువట. అలా వచ్చే వాటిలో దాదాపు సగం చెడ్డ గడ్డలేనట. వూపిరితిత్తులు శుభ్రంగా వున్నవి. కోసి తీసివేయవచ్చు అన్నారు. "ఆపరేషను చేయించలేదా చిన్నప్పుడు?" అని అడిగినారు. పిల్లలు కాకుండా చేసే ఆపరేషను సంగతి. మొదటిసారి యెదకు రాక ముందే చేయిస్తే యీ గడ్డ వచ్చే భయం చాలా వరకు తప్పుతుందట. మేము పాపమని చేయించలేదు. పాపం యెటు వున్నదో అక్కడి బల్లమీద తెలిసింది.

వీధికుక్కలకు వచ్చే మరొక గడ్డ వున్నది. అది ఒక కుక్క నుంచి మరొక కుక్కకు అంటుకొంటుంది. యెలాగో యిది సంసారుల పత్రిక గనుక వ్రాయము. మా ఆవిడ మోతికి వచ్చినది అదే అనుకొని సిగ్గుపడి యిన్నాళ్ళు గట్టిగా చెప్పలేదని అక్కడ తేలింది! వింత యేమిటంటే ఆ గడ్డలో వుండేవి ఆ కుక్క సొంత కణాలు కావు. యెన్నో వేల యేండ్ల కిందట ఆసియాలో యెక్కడో బతికిన ఒకే ఒక కుక్క కణాలు అవి. ఆ కుక్క పోయినా గడ్డ పోలేదు, ఒంటి నుంచి ఒంటికి నడచి వస్తున్నది. నాలుగు వేల నుంచి యెనిమిదిన్నర వేల యేండ్లని 2019లో లెక్క కట్టినారు. దానికి మాత్రం మంచి మందు వున్నది. మన గుడి ముందర పూసే బిళ్ళగన్నేరు, మరాఠీవారి సదాఫులి, దాని నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ సూది వారానికి ఒకటి చొప్పున కొద్ది వారాలు యిస్తే చాలా కుక్కలకు పూర్తిగా తగ్గిపోతుంది. మోతిది అది కాదు. దానికి కత్తే.

మోతిని లోపలికి తీసుకొని పోయినారు. మేము వేపచెట్టు కింద కూర్చున్నాము. కుర్రవాడు టీ తెప్పించినాడు. మాటల్లో పెట్టడానికే కావచ్చు, మా పార్వో కథ విని, "కాకా, మీ కుక్కపిల్లలను చంపిన ఆ వైరస్సులోని ఒక జన్యువుతోనే కేన్సరు గడ్డలను చంపవచ్చునా అని ఇజ్జత్‌నగరులో పరిశోధన చేసినారు, తెలుసా?" అన్నాడు. మేము వాణ్ణి యెగాదిగా చూసినాము.

ఇజ్జత్‌నగరు అంటే ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర. అక్కడి భారతీయ పశువైద్య పరిశోధన సంస్థ చాలా పాతది. 1889లో మన మహారాష్ట్రలోని పుణెలోనే మొదలయింది. 1893లో ముక్తేశ్వరం కొండలకు, ఆ వెనుక 1913లో ఇజ్జత్‌నగరుకు చేరింది. అక్కడి వారు పార్వో వైరస్సులోని ఎన్ఎస్1 అనే జన్యువును విడదీసి, గాజుపాత్రలో పెంచిన కేన్సరు కణాలలో పెడితే ఆ కణాలు వాటంతట అవే చచ్చినవని 2013లో ప్రకటించినారు. 2016లో యెలుకలలో రొమ్ముగడ్డలకు యెక్కించి, గడ్డ పెరగడం తగ్గిందని చూపినారు. రొమ్ముగడ్డ అన్న మాట వినగానే మా అమ్మాయి టీ గ్లాసు కింద పెట్టింది.

మాకు అర్థమైనది ఆఫీసు భాషలో చెబుతాము. వైరస్సు అంటే ఒక దొంగ ఫైలు. అందులో కొన్ని కాగితాలు వుంటాయి. కణమనే ఆఫీసులోకి దూరి, "మా కాగితాలకే నకళ్ళు వ్రాయండి" అని గుమాస్తాలందరి చేతా చేయించుకొంటుంది. నకళ్ళు పూర్తి కాగానే ఆఫీసును కూల్చి బయటపడుతుంది. ఆ ఫైలు మొత్తం వస్తే మా కుక్కపిల్లలకు అయినట్లు అవుతుంది. యీ శాస్త్రజ్ఞులు ఫైలు మొత్తం తీసుకోరు. "దుకాణం మూయుము" అని వున్న ఒక్క కాగితం చించి, వేరే కవరులో పెట్టి, కేన్సరు ఆఫీసుకు మాత్రం పంపుతారు. నకళ్ళు వ్రాయించే కాగితాలు లేవు గనుక రోగం వ్యాపించదు. ఆ కవరు ఒక చిన్న వుంగరం లాంటి డి.ఎన్.ఏ. బాక్టీరియాలలో పెంచి తీస్తారు. సూదితో గడ్డలోకి యెక్కిస్తారు.

దుకాణం మూసుకొనే యేర్పాటు మన ప్రతి కణంలోనూ పుట్టుకతోనే వున్నది. కప్పపిల్ల తోక పోవడం, కడుపులోని బిడ్డకు వేళ్ళు విడివడడం ఆ యేర్పాటు వల్లనే. కేన్సరు కణం యీ తాఖీదును చెత్తబుట్టలో పారవేసి, ఆఫీసు కట్టే వేళ దాటినా కడుతూనే పోతుంది. వైరస్సు కాగితం దానికి ఆ తాఖీదును మళ్ళీ చేతికిస్తుంది.

"మంచి ఆఫీసుకు పొరపాటున ఆ కవరు పోతే?" అన్నాము. గుమాస్తాకు మొదట తోచేది అదే గదా, తపాలా తప్పడం.

దానికి వాడు కోళ్ళ సంగతి యెత్తినాడు. కోడిపిల్లలకు నెత్తురు విరిచే ఒక వైరస్సును 1979లో జపానులో కనుక్కొన్నారు. అందులోని ఒక జన్యువు నుంచి వచ్చే మాంసకృత్తుకు అపోప్టిన్ అని పేరు. 121 పూసల దండ, అంతే. హాలెండులో లైడెన్ నగరంలో నోట్‌బోర్న్ అనే ఆయన, తోటివారు 1990 దశకంలో చూసినది యేమంటే, యీ అపోప్టిన్ మామూలు కణంలోకి పోతే వరండాలోనే కూర్చుంటుంది, యే హానీ చేయదు. కేన్సరు కణంలోకి పోతే నేరుగా దొరగారి గదిలోకి, అంటే కణం నడిమి కేంద్రకంలోకి పోతుంది. అక్కడ దుకాణం మూయిస్తుంది. యే గదిలోకి పోవాలో దానికి యెవరు చెప్పినారో! ఇజ్జత్‌నగరులో దీని మీద కూడా పని చేసినారు. మన కోళ్ళకు వచ్చే రాణిఖేత్ రోగం, దాని వైరస్సులోని హెచ్ఎన్ అనే జన్యువు మీదా చేసినారు. 1911లో అమెరికాలో రౌస్ అనే ఆయన కోళ్ళలో కేన్సరు తెచ్చే వైరస్సును చూపితే యాభై యేండ్లు పైగా గడిచి 1966లో గాని నోబెలు బహుమానం రాలేదట. కోడి వల్లే కేన్సరు వైరస్సు తెలిసింది, కోడి వైరస్సులోనే దానికి విరుగుడు వెదుకుతున్నారు.

వైరస్సునే మొత్తంగా బలహీనపరచి వాడడం మనుషులలో వచ్చేసింది. పెదవి మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్సును మార్చి చేసిన ఒక మందుకు 2015లో అమెరికాలో చర్మపు కేన్సరుకు అనుమతి యిచ్చినారు. జర్మనీలో హైడెల్‌బర్గులో 2011 నుంచి యెలుకల పార్వో వైరస్సును మెదడు గడ్డలున్న మనుషులకు యిచ్చి చూసినారు. కుక్కల నోటిలో వచ్చే నల్లగడ్డకు జన్యువుతో చేసిన టీకా అమెరికాలో 2010లో పూర్తి అనుమతి పొందింది.

"మరి మా మోతికి ఆ కాగితం యెక్కించగూడదా?" అని అడిగినాము. అడిగేటప్పుడు మా గొంతు మాకే కొత్తగా వినిపించింది. కుర్రవాడు నవ్వలేదు. "అది యింకా సీసాలో దొరికే మందు కాలేదు కాకా. గడ్డలో కోట్ల కణాలు వుంటయ్. సూది యెక్కించిన చోటనే కాగితం పడుతది. పక్కనున్న వాటికి అందదు. ఒకటి రెండు మిగిలినా మళ్ళ పెరుగుతయ్. వూపిరితిత్తులకు పోయిన దానికి యెట్ల పంపుతరు? యియన్ని తేలాలె. అప్పటి దాక తొందరగ తెచ్చుడే మందు" అన్నాడు. ఆ ఆఖరి మాట అని, మా ముఖం చూసి, తల దించుకొన్నాడు. వాడికి మా అమ్మ సంగతి తెలియదు.

మోతిని బయటికి తెచ్చినారు. మత్తు దిగక నాలుక పక్కకు వేలాడుతున్నది. కడుపు కింద జానెడు కుట్లు. మా అమ్మాయి చెవి దగ్గర పిలిస్తే కళ్ళు తెరవలేదు గాని తోక చివర ఒకసారి నేల తాకింది. తీసిన గడ్డను సీసాలో పెట్టి పరీక్షకు పంపినారు. ఖర్చు సంగతి వ్రాయము. సొసైటీ అప్పు మరి ఆరు నెలలు సాగింది. మా ఆవిడ ఆ మాట యెత్తలేదు. ఆఫీసులో మాత్రం ఒక పెద్దమనిషి, "కుత్ర్యాసాఠీ యెవఢా ఖర్చ్?" అని మూడు రోజులు అన్నాడు. మూడవ రోజున ఆయన టిఫిను డబ్బాలో సగం మేము తినివేసినాము, కోపం తీరింది.

పది రోజులకు కాగితం వచ్చింది. చెడ్డ గడ్డే. అంచులలో మాత్రం యేమీ మిగలలేదని వ్రాసినారు.

ఆ రాత్రి అమ్మాయి నిద్రపోయిన తరువాత మా ఆవిడ, "ఏమయ్యా, నేను గూడ ఒకసారి చూపించుకుంట" అన్నది. నొప్పి లేదు, గడ్డ వున్నట్లో లేనట్లో తెలియదు, దసరా నుంచి అనుమానమట. దసరా నుంచి! అదే యింట్లో, అదే అన్నం తింటూ మేము పేపరు చదువుకొంటూ వున్నాము. మర్నాడు చంద్రపూరు పోయినాము. లేడీ డాక్టరు చూసి, ఫోటో తీయించి, నీటి తిత్తి, భయం లేదన్నది. బస్టాండులో మా ఆవిడ రెండు కమలాపండ్లు కొని ఒకటి వలిచి మాకిచ్చింది. యిద్దరమూ బల్లార్షా దాకా మాట్లాడుకోలేదు.

మోతికి యిప్పుడు పదేండ్లు. మూతి తెల్లబడ్డది. లారీల మీద మొరగడం మానుకొన్నది, మొరిగే వాళ్ళను చూస్తూ పండుకొంటుంది. ప్రతి ఆదివారం మా అమ్మాయి దానిని వెల్లకిలా తిప్పి, కుట్ల మచ్చ చుట్టూ వేళ్ళతో అణువణువూ తడుముతుంది. మోతి ఆ సేపు కాళ్ళు పైకి పెట్టి రాజుగారి పట్టపురాణి లాగా వుంటుంది.

పోయిన ఆదివారం అమ్మాయి చెయ్యి ఒక చోట ఆగింది. మమ్మల్ని పిలిచి మా వేలు అక్కడ పెట్టింది. ఆవగింజంత వున్నది. వున్నదో, కుట్టు ముడో తెలియలేదు. ఆఫీసులో యిది మళ్ళీ త్రైమాసికపు లెక్కల వారం. సోమవారానికి సెలవు చీటీ వ్రాసి, కారణం అన్న చోట "కుక్కకు వైద్యం" అని స్పష్టంగా వ్రాసి, బావమరిదికి ఫోను చేసినాము.